బీరువా వెనక గోడ

"ముందు ఆ లైటు ఆపించండి కోడలుగారూ! ఆపించమంటున్నానా!"

రాజుల లోగిళ్ళలో తిట్టినా 'అండి' తప్పదని ఊళ్ళోవాళ్ళు నవ్వుకుంటారు. సూర్యకాంతమ్మా మర్యాద తప్పలేదు గానీ, గొంతు మాత్రం వీధి గేటు దాకా వినిపించింది. పద్నాలుగు నెలల కాపరంలో అత్తగారు అరవగా కీర్తిప్రియ వినడం ఇదే మొదలు. దేవుడి గదిలోకి తీసుకెళ్తున్న దీపపు కుంది ఆవిడ చేతిలో ఒక పక్కకి ఒరిగి, నూనె చీర మీద కారుతోంది. ఆవిడ చూసుకోలేదు.

నిచ్చెన మీదున్న గణేష్‌బాబు కంగారుపడ్డాడు. పాలకొల్లులో పేరున్న ఎలక్ట్రీషియన్. నాలుగు రోజులుగా ఈ హాల్లో పని చేస్తున్నాడు. ఫాల్స్ సీలింగ్ అంచున తొట్టిలా వదిలిన సందులో ఎల్ఈడీ స్ట్రిప్పు దాచి అంటించాడు. దీపం ఎక్కడుందో కంటికి కనపడకూడదు, వెలుతురు మాత్రం గోడల మీంచి జారి గదిలోకి రావాలి. కీర్తిప్రియ కోరింది అదే. మూడు గోడలు నిన్నే వెలిగాయి. నాలుగోది, దక్షిణపు గోడ, అడ్డమున్న బీరువా పక్కకి జరిపించేక ఇప్పుడే వెలిగింది.

వెలగ్గానే ఆ గోడ మీద ఒక ఆకారం బయటపడింది.

నేల దగ్గర మొదలై మనిషి భుజం ఎత్తు దాకా ఉంది. మూడడుగుల పైనే వెడల్పు. అంచులు వంకరటింకరగా ఉన్నాయి. రంగు అదే, గోడ అదే. ట్యూబ్‌లైటు వేసి చూస్తే ఏమీ తెలియదు. పైనుంచి గోడని రాసుకుంటూ కిందికి దిగే ఈ వెలుతురు మాత్రం ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో దాచకుండా చూపించేస్తోంది.

"అదేంటండీ అత్తయ్యగారూ? అక్కడ కిటికీ ఉండేదా?" అని అడిగింది కీర్తిప్రియ.

"ఆ బీరువా జరపొద్దని మొన్ననే చెప్పేను."

"చెప్పేరండి. ఎందుకో చెప్పలేదు."

"అన్నిటికీ ఎందుకో చెప్పాలా? పెద్దదాన్ని, వద్దంటే వద్దు!"

గణేష్‌బాబు గబగబా దిగాడు. "తప్పు నాదేనండి. ఈ లైటు పెట్టేముందు సెల్లు లైటు గోడకి ఆనించి చూస్తామండి. ఎగుడు దిగుళ్ళుంటే లప్పం పెట్టించేకే మొదలెడతాం. ఆ మూడు గోడలూ చూసేను. ఇక్కడ బీరువా అడ్డముందని చూళ్ళేదండి."

అంటూనే ఆ అంచు మీద అరచెయ్యి పెట్టి కింది దాకా రాశాడు. సగంలో చెయ్యి ఆగిపోయింది.

"కిటికీ కాదండిది. కిటికీ అయితే అంచులు తిన్నగా ఉంటాయి. ఇది గునపంతో కొట్టి..."

మాట మధ్యలో అతను సూర్యకాంతమ్మ మొహం చూశాడు. అతనూ ఈ డెల్టాలో పుట్టినవాడే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రెండడుగులు దూరం జరిగాడు.

"పొద్దున్నే వచ్చి ఈ వైపుది విప్పేస్తానండమ్మా," అని చిన్న గొంతుతో చెప్పి, నిచ్చెన అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. కీర్తిప్రియ ఇచ్చిన కాఫీ సగం గ్లాసు కిటికీలోనే ఉండిపోయింది.

ఈ లైట్ల పిచ్చి కీర్తిప్రియకి ఊరికే పట్టలేదు. తుని నుంచి రెండో పెళ్ళివాణ్ణి చేసుకుని వచ్చిన ఆడపిల్ల, ఈ ఇంట్లో తనకంటూ కావాలనుకున్నది ఒక్కటే. భర్త మొదటి భార్య కూతురు, పదమూడేళ్ళ లాస్య మేడ మీద గదిలోంచి దిగి వచ్చి హాల్లో కూర్చోవాలి. అంతే. తల్లి సత్యవాణి పోయి మూడేళ్ళు. ఆ పిల్ల అన్నం కూడా మేడ మీదే తింటుంది. ఒకసారి మాత్రం, "హాల్లో ఆ ట్యూబ్‌లైటు కింద కూర్చుంటే ఆసుపత్రిలో ఉన్నట్టుంటుందండి," అంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని కీర్తిప్రియ ఇంత పని పెట్టుకుంది. తెల్ల వెలుతురా, పసుపు వెలుతురా అని ఫోన్లో బొమ్మలు చూపిస్తే లాస్య పసుపుదే ఎంచింది. నిన్న సాయంత్రం పుస్తకం పట్టుకుని అరగంట సోఫాలో కూర్చుంది కూడా.

ఇల్లలకగానే పండగ కాదని కీర్తిప్రియకి తెలుసు. రేపు లాస్యకి ఓణీలు. ఓణీ తెచ్చేది మేనమామ వెంకటరాజు. "ఓణీలయ్యేక నాతో రాజమండ్రి వచ్చెయ్ అమ్మడూ, మా ఇంట్లో ఉండి చదువుకుందువుగాని," అని వారం క్రితమే ఫోన్ చేశాడు. రేపు చెప్తానంది లాస్య. ఉంటానంటుందో, వెళ్తానంటుందో. కీర్తిప్రియ వారం రోజులుగా ముద్ద మింగింది లేదు.

అప్పుడే ఆవిడ భర్త శ్రీనివాసరాజు కారు దిగాడు. షామియానా వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ లోపలికి వచ్చి, హాలు మధ్యలో ఆగిపోయాడు.

"హలో... రాజుగారూ... హలో..." అని ఫోన్లో మనిషి పిలుస్తూనే ఉన్నాడు.

ఆయన గోడనే చూస్తున్నాడు. చెరువుల మీద రొయ్యలు చచ్చి తేలిపోయిన రోజు కూడా తొణకని మనిషి. ఇప్పుడు ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి వాలిపోయింది.

"ఏంటండది?" అని అడిగింది కీర్తిప్రియ.

ఆయన ఫోను కట్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

"అత్తయ్యగారు చెప్పరు, మీరు చెప్పరు. పరాయివాడైన ఆ లైట్లబ్బాయికి కూడా అర్థమైంది. నాకే తెలియకూడనిదా?"

"గోడ కొట్టించేం," అన్నాడాయన.

"ఎందుకండీ?"

"కీర్తీ... రేపు ఫంక్షన్ అవనివ్వండి. తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

"నిలబడే ఉన్నానండి. చెప్పండి."

తల్లీ కొడుకూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈ ఇంట్లో ఆ చూపు కీర్తిప్రియ చాలాసార్లు చూసింది. తను గదిలోకి రాగానే మాటలు ఆగిపోయి, ఆ చూపు ఒక్కటే మిగిలేది. కొత్తకోడలి బతుకు ఇంతేనేమో అని సర్దుకుపోయేది. ఇవాళ సర్దుకోవాలనిపించలేదు.

చివరికి సూర్యకాంతమ్మ కుంది కింద పెట్టి, సోఫా అంచున కూర్చుంది. "శతభిషా నక్షత్రంలో పోయిందమ్మా," అంది. "ఆ పంచకం అయిదు నక్షత్రాల్లో పోయినవాళ్ళని గుమ్మంలోంచి తీసుకెళ్ళకూడదన్నారు సిద్ధాంతిగారు. తీసుకెళ్తే ఇంటికి అరిష్టం, ఇంకొకళ్ళు పోతారన్నారు. ఇంట్లో పసిపిల్ల ఉంది కదా అని భయపడ్డాం. మేస్త్రీ వీరబ్రహ్మాన్ని పిలిచి ఆ గోడ కొట్టించేం. అందులోంచి..."

"ఎవరినండీ?"

అడగక్కర్లేదు. అయినా వాళ్ళ నోటితో వినాలని అడిగింది.

"సత్యవాణిని."

"ఆవిడ రాజమండ్రి ఆసుపత్రిలో పోయిందని మా నాన్నగారితో చెప్పేరు. పెళ్ళిచూపుల్లో, నా ఎదురుగా, ఆ మాటే చెప్పేరు."

"డాక్టర్లు ఇంక లాభం లేదన్నారు. ఇంటికి తెచ్చేసేం," అన్నాడు శ్రీనివాసరాజు. "మంచం ఇక్కడే వేసేం. పద్దెనిమిది రోజులుంది."

"తర్వాత ఆరు నెలలు ఇల్లు మూసేసేం," అంది సూర్యకాంతమ్మ. "ఈ సంగతి తెలిస్తే ఈ గుమ్మంలోకి పిల్లనెవరిస్తారమ్మా? ఇంట్లో ఆడదిక్కు లేక, పిల్ల అలా... నేనే చెప్పొద్దన్నాను. పాపం నాది. వాణ్ణేమీ అనకండి."

"ఊరందరికీ తెలుసు."

"తెలుసు."

"గోడ కట్టిన మేస్త్రీకి తెలుసు. పాలేరు బుల్లియ్యకి తెలుసు. ఈ హాల్లో రోజూ ముగ్గురం కూర్చుని టీవీ చూసేం. బీరువాకి ఆనుకుని నేను పూలు కట్టుకున్నాను. నాకు మాత్రం తెలీదు."

కీర్తిప్రియకి ఏడుపు రాలేదు. అవమానం ముందొచ్చింది. పెద్దింటి సంగతి ఎవరూ ఆ ఇంటి కోడలి ముందు అనరు, ఆ ఇంటి పిల్ల ముందు అసలే అనరు. అలా ఊరు ఊరంతా మర్యాదగా నోరు మూసుకుని, వీధిలో కనపడితే తనకి నమస్కారం పెట్టింది.

"నేనేం భయపడేదాన్ని కాదండి," అంది భర్తతో. "చెప్తే ఆ గోడ దగ్గర రోజూ ఒక దీపం పెట్టేదాన్ని. అంతే కదా."

ఆయన తల దించుకున్నాడు.

"అమ్మ ఇక్కడ పోయిందా?"

ముగ్గురూ వెనక్కి తిరిగారు. వీధి గుమ్మంలో లాస్య నిలబడి ఉంది. ట్యూషన్ బ్యాగు భుజానే ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు.

"రా అమ్మడూ, కాళ్ళు కడుక్కో. పాలు తాగుదువుగాని," అంటూ లేవబోయింది సూర్యకాంతమ్మ.

"మామ్మా, అమ్మ ఇక్కడ పోయిందా?"

లాస్య బ్యాగు దించి, గోడ దగ్గరకి నడిచింది. ఆ ఆకారం ముందు నిలబడితే అది సరిగ్గా ఆ పిల్ల తల దాకా వచ్చింది.

"రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా ఆ ఆసుపత్రి ముందు నుంచే వెళ్తాం కదా నాన్నగారూ. మూడో అంతస్తు అని చెప్పేరు మీరు. నేను కారులోంచి కిటికీలు లెక్కపెట్టేదాన్ని. ఎడమ నుంచి ఐదోది అమ్మదని అనుకున్నాను. మొన్న కూడా దానికే చెయ్యి ఊపేను."

శ్రీనివాసరాజు కళ్ళు మూసుకున్నాడు.

"అమ్మ ఇక్కడుంటే నేను పాలకొల్లులో అత్తా వాళ్ళింట్లో ఎందుకున్నాను?"

"నీకు పరీక్షలని..." అంది సూర్యకాంతమ్మ.

"ఐదో క్లాసుకి ఏం పరీక్షలు మామ్మా? పాలకొల్లు ఎంత దూరం? అరగంట. అమ్మ నన్ను అడగలేదా? ఒక్కసారన్నా అడగలేదా?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. కీర్తిప్రియ ఆయన వైపు చూసింది. చెప్పకండి అనాలనిపించింది ఆవిడకి. పిల్ల తట్టుకోలేదు, ఇంకో అబద్ధమన్నా ఆడండి అనాలనిపించింది. ఇంతసేపూ నిజం కావాలని నిలదీసిన మనిషికి అలా అనిపించిందంటే, అప్పటికే ఆవిడ ఆ పిల్లకి తల్లయిపోయిందన్న మాట. ఆ సంగతి ఆవిడకే తెలియదు.

"అడిగింది," అన్నాడు శ్రీనివాసరాజు. "రోజూ అడిగింది. ఆఖరి రెండు రోజులూ ఇంకేమీ అడగలేదు. పాప ఏది, పాప ఏది అని అదే. వస్తోంది, దారిలో ఉంది అని చెప్పేను. ఎన్నిసార్లు చెప్పేనో... కారు చప్పుడైతే చాలు, గుమ్మం వైపు చూసేది."

"నన్ను తీసుకురాలేదేం?"

"నీకోసమే ఊపిరి పట్టుకుని ఉందన్నారమ్మా అందరూ. పిల్లని చూడగానే ప్రాణం వదిలేస్తుంది, ఆ చూపు కోసమే ఆగిందన్నారు." ఆయన గోడ వైపు తిరిగాడు. "నువ్వు రాకపోతే ఇంకో రోజు ఉంటుందనుకున్నాను. నువ్వు రాకుండా ఉంటే ఉండిపోతుందేమో అనుకున్నాను. అలాగే ఒక రోజుంది. రెండో రోజూ ఉంది. మూడో రోజు సాయంత్రం, గుమ్మం వైపు చూస్తూనే..."



భార్య ఇంకో రెండు రోజులు ఉంటుందన్న ఆశకి బిడ్డ ఆఖరి చూపు అమ్ముకున్నాడు ఆ మనిషి. తిట్టడానికి ఎవరికి నోరొస్తుంది? పోనీలే అనడానికి మాత్రం ఎవరికి మనసొస్తుంది? సూర్యకాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కొడుకు పిల్లని ఎందుకు రానివ్వలేదో ఆవిడకి కూడా ఇప్పుడే తెలిసినట్టుంది.

లాస్య ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని కీర్తిప్రియ ఎదురుచూసింది.

"మామయ్యకి తెలుసా?" అని అడిగింది లాస్య.

"ఏది?"

"అమ్మ ఇక్కడే పోయిందని. ఇందులోంచి తీసుకెళ్ళేరని."

"మోసిన నలుగురిలో మీ మామయ్య ఒకడమ్మా," అన్నాడు శ్రీనివాసరాజు.

ఆ పిల్ల తల ఊపింది. రేపు వెళ్ళాలనుకున్న ఇల్లు కూడా పోయినట్టుంది, ఆ మొహం చూస్తే. తర్వాత కీర్తిప్రియ వైపు తిరిగింది.

"మీకు?"

"తెలీదమ్మా. ఇందాకే తెలిసింది."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

లాస్య ఆవిడ కళ్ళల్లోకి చాలాసేపు చూసింది. "మరి మనిద్దరికే ఎందుకు చెప్పలేదండీ?" అంది.

మనిద్దరికి. ఈ మాట కోసం కీర్తిప్రియ పద్నాలుగు నెలలు కాచుక్కూర్చుంది. జడ వేస్తానంటే వద్దనిపించుకుంది, క్యారేజీలో పెట్టిన పులిహోర తిరిగొస్తే తనే తింది, జ్వరమొచ్చిన రోజు తలుపు బయట కూర్చుంది. ఆ మాట వచ్చింది. ఇలాంటి సాయంత్రం, ఇలాంటి గోడ ముందు వచ్చింది. అప్పుడు ఏడ్చింది కీర్తిప్రియ.

"నన్ను ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళండి," అంది లాస్య.

"ఎక్కడికమ్మా?"

"మీ అమ్మగారింటికి. తునికి. వాళ్ళెవరూ నాకు అబద్ధం చెప్పలేదు కదా."

"అమ్మడూ!" అని లేచింది సూర్యకాంతమ్మ. "రేపు ఓణీలు. నాలుగొందల మందిని పిలిచేం. దీపాలు పెట్టేవేళ ఆడపిల్ల ఇల్లు విడిచి వెళ్ళకూడదు తల్లీ! కోడలుగారూ, మీరన్నా చెప్పండి."

"ఏం చెప్పమంటారండీ?"

"చిన్నపిల్ల, ఉడుకుమోత్తనం. రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుంది. మీరు దాన్ని తీసుకుని గడప దాటితే వీడేమైపోతాడో ఆలోచించండి. ఒకసారి ఆ గోడలోంచి ఇల్లాలు వెళ్ళిపోయింది. మీరు గుమ్మంలోంచి వెళ్తే..."

లాస్య అవేమీ వినలేదు. గుమ్మం దాటి, వసారాలో చెప్పులు వేసుకుంది. బ్యాగు తీసుకోలేదు, బట్టలు తీసుకోలేదు. మెట్ల మీద నిలబడి ఇటు తిరిగింది.

కీర్తిప్రియ మేకుకి వేలాడుతున్న కారు తాళాలు తీసింది. నాలుగడుగులు వేస్తే గుమ్మం. మూడు వేసింది.

వెనక ఏదో శబ్దమైంది. శ్రీనివాసరాజు గోడ దగ్గర నేల మీద కూలబడ్డాడు. అరచెయ్యి ఆ వంకర అంచు మీద పెట్టి, నుదురు గోడకి ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు. ఇన్నాళ్ళూ ఏ గదిలో ఏ తలుపు చాటున దాచుకున్నాడో ఆ ఏడుపంతా. ఆయన ఏడవగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. కట్టుకున్నవాడు. మోసం చేసినవాడే, కానీ కట్టుకున్నవాడు. ఇప్పుడు ఆ భుజం మీద చెయ్యి వెయ్యకపోతే ఇంక ఈ జన్మకి ఆయన ఎవరికీ కనపడేలా ఏడవడని ఆవిడకి తెలిసిపోయింది.

అక్కడ మెట్ల మీద పిల్ల ఉంది. ఇప్పుడు పట్టుకోకపోతే ఆ పిల్లా ఇంకెప్పటికీ చెయ్యి అందివ్వదు.

"వస్తున్నారా?" అంది లాస్య.

"వస్తున్నానమ్మా."

కాళ్ళు కదల్లేదు. కీర్తిప్రియ గుమ్మానికి అడుగు దూరంలో, తాళాలు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

లాస్య ఆవిడ మొహం చూసింది. ఆవిడ కాళ్ళ వైపు చూసింది. లోపల, గోడ దగ్గర ఏడుస్తున్న తండ్రి వైపు చూసింది.

"నిజం చెప్పండి," అంది.